కొండమీది సగాలు, రేవులోని ఆదివారాలు

మార్చి 3, 1994

వదినకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమమంటే, లిఫ్టు పాడై పదిరోజులైంది, మోకాలినొప్పితో మా ఆవిడ ఆ పదిరోజులుగా మూడో అంతస్తు దిగలేదు. బుట్టకి తాడు కట్టి కూరలు పైకి లాగుతోంది. బేరం మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తోంది.

అసలు సంగతికొస్తాను. మా ఆఫీసులో కొత్త పని ఒకటి మొదలైంది. కొండమీద మీ కేంద్రంలో, రేవులో మా కేంద్రంలో ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజూ రాసిన ఉష్ణోగ్రతలన్నీ పక్కపక్కన పెట్టి, ఏ ప్రాంతం ఎంత వేడెక్కిందో తేల్చాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. మూడు నెలలు కూర్చుని తేల్చాను. రేవు వేడెక్కింది సున్నా పాయింటు ఆరు డిగ్రీలు. కొండ ఒకటి పాయింటు నాలుగు. రెట్టింపుకి మించి!

మా డైరెక్టరుని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "కొండమీద గాలి మారిందా, రాసే మనిషి మారాడా?" అన్నారు.

నాకు చివుక్కుమంది. రాసిన మనిషి మా అన్నయ్య. కేంద్రం తెరిచిన రోజు నుంచి పోయేదాకా ముప్పై ఆరేళ్ళు ఆయనే రాశాడు. ఈ రెండేళ్ళూ, కొత్త మనిషిని వేసేదాకా అంటూ నువ్వు చూస్తున్నావు. అందుకని పెద్దాయన అడిగేలోగా నేనే అడుగుతున్నాను. థర్మామీటర్లున్న తెల్లపెట్టెని ఎప్పుడైనా జరిపారా? దానికి రంగు వేళకి వేశారా? దగ్గర్లో చెట్లేమైనా కొట్టేశారా?

ఇంకొకటి, చిన్నదే. గీతకీ గీతకీ మధ్య పాదరసం ఎక్కడుందో కంటితోనే పదిభాగాలు చేసి రాస్తాం కదా, పన్నెండు పాయింటు మూడు, పాయింటు ఎనిమిది అని. అన్నయ్య ఎప్పుడూ అలాగే రాశాడు. కానీ 1971 ఆగస్టు నుంచి 1973 జనవరి దాకా, పద్దెనిమిది నెలలు, అన్నీ పూర్తి డిగ్రీలో, అరడిగ్రీలో. పాయింటు మూడు లేదు, ఎనిమిది లేదు. ఎందుకో నీకేమైనా గుర్తుందా?

ఊరికే అడిగానంతే. ఆరోగ్యం జాగ్రత్త.

నీ మరిది

~

మార్చి 14

చిన్నోడికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. తోడికోడల్ని కూడా బుట్టలో కూర్చోబెట్టి దింపుతావేమోనని భయపడ్డాను. ఆ తాడుని నమ్మకు.

నీ ప్రశ్నలకి జవాబులు. పెట్టె అంగుళం జరగలేదు. ఒకసారి కాళ్ళకి చెదలు పడితే వడ్రంగి కొత్తవి వేశాడు. ఎత్తు మారకూడదని మీ అన్నయ్య ముందే దారంతో కొలిచి, దారానికి ముడివేసి, ఆ ముడి సరిపోయేదాకా వడ్రంగిని ఇంటికి పోనివ్వలేదు. వాడు తిట్టుకుంటూ వెళ్ళాడు. రంగు ఏటా వేస్తాం. చెట్లు పెట్టెకి నలభై అడుగుల దూరంలో అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి, కాస్త పొడుగయ్యాయి, నువ్వూ అయ్యావుగా.

వేడెక్కిందా అంటే ఎక్కింది. నేను కాపురానికొచ్చిన కొత్తలో చలికాలం పొద్దున్నే బకెట్లో నీళ్ళమీద అప్పడమంత మంచుపలక తేలేది. చెంబుతో కొట్టి పగలగొట్టేదాన్ని. ఇప్పుడు పదేళ్ళయింది అది చూసి.

ఒకటి నేనడుగుతాను. నీ ఉత్తరం రావడానికి వారం ముందు ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చి పెరడంతా కొలిచారు. "ఎవరు బాబూ?" అంటే "ఆఫీసు నుంచి" అన్నారు. ఏ ఆఫీసంటే చిన్నవాడు నేలచూపులు చూశాడు. వారం తిరక్కుండా నీ ప్రశ్నలు వచ్చాయి. నువ్వు ఊరికే అడిగావో, ఎవరైనా అడిగించారో రాయి. ఊరికే అడిగేవాళ్ళు ఊరికే అడిగానని రాయరు.

పక్కింటి లెక్కల మాస్టారు నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. రిటైరయ్యాక ఆయనకి తోచక మా రిజిస్టర్లు కూడా చదువుతున్నాడు.

నీ వదిన

~

మార్చి 25

వదినకి,

టేపు మనుషుల సంగతి నాకు తెలియదు. తెలుసుకుంటాను. నన్ను అనుమానించే దాకా వచ్చావంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కానీ నువ్వూ ఒకటి దాటేశావు. చెదల గురించి ఒక పేరా, దారం గురించి ఒక పేరా రాశావు. పద్దెనిమిది నెలల సగాల గురించి ఒక్క ముక్క రాయలేదు. మర్చిపోయావా, మర్చిపోయినట్టు చేశావా?

పాత రిజిస్టర్లు మళ్ళీ తీసి చూశాను. ఆ నెలల్లో దస్తూరీ అన్నయ్యదే, కాదు కూడా. ఏడు అంకెకి నడుముకి అడ్డగీత ఉంది. అన్నయ్య జన్మలో ఏడుకి గీత పెట్టలేదు. ఇదంతా ఇంట్లో కూర్చుని ఎవరో తోచినట్టు నింపారని పెద్దాయన అంటే నేనేం చెప్పను? పద్దెనిమిది నెలలు దొంగ అంకెలైతే మిగతా ముప్పై ఆరేళ్ళనీ ఎవరూ నమ్మరు. మొత్తం ఎర్రసిరాతో కొట్టేస్తారు. కొండ వేడెక్కిందన్న మాట కూడా దాంతోపాటే పోతుంది.

ఇంకోటి. 1971 నవంబరులో నా పెళ్ళి. మీరిద్దరూ రాలేదు. "డ్యూటీ. రాలేము. ఆశీస్సులు." అని మూడు ముక్కల టెలిగ్రాం వచ్చింది. నేను ఎంచుకున్న పిల్ల అన్నయ్యకి నచ్చలేదని ఈ ఇరవై మూడేళ్ళూ అనుకున్నాను, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అంకెలు చూస్తుంటే డ్యూటీ కూడా చేసినట్టు లేదు. మరి ఆ రోజుల్లో అన్నయ్య ఎక్కడున్నాడు? ఊళ్ళోనే ఉన్నాడా?

నాకు చెప్పు. మనిద్దరి మధ్యే ఉంటుంది.

నీ మరిది

~

ఏప్రిల్ 6

శ్రీయుత మరిదిగారికి,

మనిద్దరి మధ్యే ఉండాల్సిన ఉత్తరం ఆఫీసు కవరులో వచ్చింది. మూలన గుండ్రటి ముద్ర, ముద్ర కింద నంబరు: రెండు వందల పద్నాలుగు. పోస్టుమాన్ "ఏమ్మా, నోటీసా?" అని అడిగాడు. అవునో కాదో నాకూ తెలియదన్నాను. నంబరు పడిన కవరుకి ఎక్కడో ఓ నకలు ఉంటుందని మీ అన్నగారితో కాపురం చేసినదానికి తెలియదనుకున్నారా? మీకు తొమ్మిదేళ్ళప్పుడు ఈ ఇంట్లో అడుగుపెట్టాను. జడకి రిబ్బను కట్టినట్టు మీ బూట్లకి తాడు కట్టింది నేను. ఆ చేత్తోనే సంజాయిషీ రాయమంటే రాయను.

పోయిన మనిషి ఎక్కడున్నాడని అడిగారు. ఇక్కడే ఉన్నాడు. అంతే చెబుతాను.

ఇక మీరు అడగని సంగతి. రేవులో రాసిన అంకెలకి కార్బన్ కాపీలు నెలనెలా మీ అన్నగారికి పంపేవారు, గుర్తుందా? ఆయన ట్రంకుపెట్టెలో అన్నీ ఉన్నాయి. ఉబుసుపోక మాస్టారి ముందు పెట్టాను. ఆయన రెండు సాయంత్రాలు పెన్సిలు నములుతూ కూర్చుని, మూడోనాడు పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చాడు.

"అమ్మా, రేవులో శనివారం ముప్పై ఒకటి పాయింటు రెండు. సోమవారం ముప్పై ఒకటి పాయింటు ఎనిమిది. ఆదివారం ఎంతుంటుందో చెప్పు."

"నాకెలా తెలుస్తుందండీ?"

"నువ్వు చూడక్కర్లేదు. రెండూ కలిపి సగం చెయ్యి. ముప్పై ఒకటిన్నర! 1969 జూన్ నుంచి 1971 నవంబరు దాకా ఒక్క ఆదివారం తప్పలేదమ్మా. ఆ ఊళ్ళో ఎండ కూడా లెక్కలు నేర్చుకుంది."

ఆ రోజుల్లో రేవులో రీడింగు తీసిందెవరో మీ ఆఫీసులో కనుక్కుని రాయగలరు. గురివింద గింజకి తన కింద నలుపు కనబడదంటారు. కార్బన్ కాపీలో మాత్రం బాగా కనబడుతోంది.

ఇట్లు,
కొండమీద తాత్కాలికంగా రీడింగు తీస్తున్న మనిషి

~

ఏప్రిల్ 15

వదినా,

కవరు నేను వేయలేదు. ఉత్తరం బల్లమీద పెట్టి టీకి వెళితే గుమాస్తా మిగతావాటితో కలిపి నంబరేసి పంపేశాడు. నకలు లేదు. నమ్మితే నమ్ము.

టేపు మనుషులు మంచినీళ్ళ శాఖవాళ్ళు. మీ వీధికి నీళ్ళొచ్చే ఊట ఎండిపోతోందట, వేరే గొట్టం వేయడానికి దారి చూసుకుంటున్నారు. ఫోను చేసి కనుక్కున్నాను. నాకూ వాళ్ళకీ సంబంధం లేదు.

ఆదివారాల సంగతి వేరు. దాన్ని దీంతో ముడిపెట్టకు. అప్పటి పరిస్థితులు వేరు.

పెద్దాయన మే నెలలో స్వయంగా కొండకి వస్తున్నారు. ఆయన అడిగేటప్పుడు దారం కథ సరిపోదు. అన్నయ్య తప్పు చేశాడని నేననడం లేదు. నువ్వేదో దాస్తున్నావని మాత్రం అంటున్నాను.

మరిది

~

ఏప్రిల్ 27

చిన్నోడికి,

మంచినీళ్ళవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి కాగితం చూపించారు. నువ్వు చెప్పింది నిజమే. కవరు సంగతి ఇంకా సగమే నమ్మాను. కానీ మీ పెద్దాయనకి చెప్పేదేదో ముందు నీకు చెప్పాలనిపించింది. పరాయివాడి నోటినుంచి నువ్వు వినకూడదు.

1971లో మీ అన్నయ్య కళ్ళలో పొరలొచ్చాయి. ముప్పై ఎనిమిదేళ్ళకే. మొదట దీపం చుట్టూ వలయం కనబడుతోందన్నారు. జులై చివరికి పాదరసం గీత కనబడటం మానేసింది. వారం రోజులు పెట్టె తలుపు తీసి, చూసినట్టు నిలబడి, నన్ను పిలిచి "ఎంతుంది?" అని అడగడం మొదలుపెట్టారు. రీడింగు తీసే మనిషికి చూపు తగ్గితే వెంటనే తెలియజేయాలని నిబంధన. తెలియజేస్తే వేరే మనిషిని వేస్తారు, ఈయన్ని ఏదో మూల స్టోరు గదిలో కూర్చోబెడతారు. ఆ పెట్టె ఆయన ప్రాణం. నీకు తెలియనిదా?

ఆగస్టు ఒకటి నుంచి నేనే చదివాను, నేనే రాశాను. ఆయన దస్తూరీ చూసి దిద్దుకుని రాశాను. ఐదో తరగతిలో మా పంతులమ్మ ఏడుకి నడుముకి గీత పెట్టమంది, ఆ చెయ్యి మారలేదు. గీతకీ గీతకీ మధ్య సగం దాకా నా కన్ను పోల్చుకునేది. ఆపైన పదోవంతులంటే నాకు ఊహే. మీ అన్నయ్య ఒకటే చెప్పారు: "కనబడింది రాయి. కనబడనిది నా కోసం కూడా రాయకు." అందుకే సగాలు. పద్దెనిమిది నెలల్లో ఒక్క పొద్దు తప్పలేదు. మా అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు కూడా రీడింగు రాసి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు ఏడ్చాను.

నీ పెళ్ళికి నన్నొక్కదాన్నీ వెళ్ళమన్నారు. నేను వెళితే చదివేదెవరు? ఆయన్ని పంపిద్దామంటే బస్సు మెట్టు కనబడదు. పదిమందిలో తడుముకుంటే అక్కడికక్కడే బయటపడిపోతుంది. కొత్త బట్టలు కూడా కుట్టించాం. అవి కట్టుకుని పెళ్ళివేళకి ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. "ఈపాటికి అయిపోయుంటుంది" అన్నారాయన. ఆ పొద్దున ఆరున్నర డిగ్రీలు. రిజిస్టరు తీసి చూసుకో, నీ పెళ్ళిరోజు రీడింగు నా చేత్తో ఉంటుంది. పిల్ల నచ్చకపోవడమేమిటి? ఫోటోలో చక్కగా ఉందని నేను చెబితే ఎన్నిసార్లో చెప్పించుకున్నారు.

1973 జనవరిలో ఆపరేషనయింది. లావుపాటి కళ్ళజోడుతో వచ్చి పెట్టె తలుపు తీసి, "పాయింటు ఏడు!" అని కేకేశారు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు.

ఇంకోటి చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. నీ కార్బన్ కాపీల్లో ప్రతి ఆదివారం పక్కనా పెన్సిలుతో చిన్న చుక్క ఉంది. మాస్టారు పెట్టినవి కావు, పాతవి. 1971 జులై దాకా ఉన్నాయి, తర్వాత లేవు. అప్పటినుంచి ఆయనకి కనబడలేదు కదా. అంటే ఆయనకి తెలుసు. చూపు బాగున్నన్నాళ్ళూ తమ్ముడన్న ప్రేమతో అడగలేదేమో. చూపు పోయాక అడిగే మొహం లేకపోయింది. నిన్నడిగితే నువ్వు తిరిగి అడుగుతావు.

ఇప్పుడు నువ్వు చెప్పు. అప్పటి పరిస్థితులేమిటి?

నీ వదిన

~

మే 6

వదినకి,

నవంబరు పేజీ తీశాను. ఆరున్నర. ఆ పేజీ తెరిచి ఉంచి భోజనానికి కూడా లేవలేదు. ఇరవై ఏళ్ళు అన్నయ్యతో ముభావంగా ఉన్నాను. ఆయన పోయే ముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుంటే, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నా పరిస్థితులంటావా? శనివారం సాయంత్రం బస్సెక్కి నాలుగు గంటల దూరంలో ఉన్న మా ఆవిడ ఊరికి వెళ్ళేవాణ్ణి. అప్పటికి ఆవిడ కాదు, టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే అమ్మాయి. సోమవారం పొద్దున్నే దిగి, శనివారాన్నీ సోమవారాన్నీ కలిపి సగం చేసి ఆదివారం గడి నింపేవాణ్ణి. పెళ్ళయ్యాక ఆ అవసరం తీరింది. ఇంత చిన్నమాట దాచడానికి నీ మీద, పోయిన మనిషి మీద అంత పెద్ద అనుమానం మోపాను. గుమ్మడికాయల దొంగంటే నేను భుజాలు తడుముకోలేదు, ఎదుటివాళ్ళ భుజాలు తడిమాను.

మా ఆవిడకి చెప్పాను. "అయితే నువ్వు నాతో గడిపిన ఆదివారాలన్నీ దొంగవేనన్నమాట!" అంది. నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు. కరెంటు లేదు.

సోమవారం పెద్దాయన గదికి వెళ్ళి రెండూ చెప్పేశాను. నీ సగాలూ, నా ఆదివారాలూ.

"మీ వదినగారు చూసి రాశారు, తక్కువ రాశారు. మీరు చూడకుండా రాశారు, నిండుగా రాశారు," అన్నారు. "ఆవిడ సగాలు ఉంచాలా వద్దా అన్నది నేను వెళ్ళి చూసి చెబుతాను. మీ ఆదివారాలు మాత్రం ఈరోజే కొట్టేయండి. మీ చేత్తోనే."

ఎర్రసిరాతో నూట ఇరవై ఎనిమిది ఆదివారాలు కొట్టేశాను. పోలిక పని నా దగ్గర్నుంచి తీసేసి వేరే ఆయనకిచ్చారు. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. ఏం చేస్తారో చూడాలి. పద్నాలుగో తేదీన ఆయనొక్కరే వస్తారు. నాకు ముఖం చెల్లడం లేదు. ఆయన అనుమానం మనిషి, వదినా. కన్నతల్లి చెప్పినా కాగితం చూపించమంటారు. జాగ్రత్త.

నీ చిన్నోడు

~

మే 20

చిన్నోడికి,

మీ పెద్దాయన వచ్చి వెళ్ళాడు. మెట్లెక్కేసరికి ఆయాసం. కూర్చోమంటే కూర్చోకుండా తిన్నగా పెట్టె దగ్గరికే వెళ్ళాడు. కాళ్ళు కొలిచాడు. రంగు గోటితో గీకి చూశాడు. తలుపు ఉత్తరం వైపుకే ఉందో లేదో జేబులోంచి దిక్సూచి తీసి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"చదవండమ్మా."

"పంతొమ్మిది పాయింటు మూడు."

ఆయన వంగి చూశాడు. "పాయింటు నాలుగు," అన్నాడు. ఏదో దొరికినట్టుంది మొహం.

"మీరు పొడుగండీ. పైనుంచి చూస్తున్నారు. మోకాళ్ళు వంచి, కన్ను పాదరసానికి సరిగ్గా ఎదురుగా పెట్టండి."

అంత పెద్దమనిషి మోకాళ్ళు వంచాడు. మాస్టారు గోడ అవతలినుంచి తొంగిచూస్తున్నాడు. "మూడే," అన్నాడు చివరికి.

అయినా వదల్లేదు. "అప్పుడు పదోవంతులు చూడలేని మీకు ఇప్పుడెలా కనబడుతున్నాయి?" అన్నాడు. ఇరవై ఏళ్ళు మీ అన్నయ్య పక్కన నిలబడి చూస్తే రాదా అన్నాను. "ఆ పద్దెనిమిది నెలలు మీరు నిజంగా పెట్టె తెరిచి చూశారని రుజువేమిటి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"రుజువేముందండీ, ఊహించి రాసేదాన్నయితే పదోవంతులు కూడా ఊహించేదాన్ని. అప్పుడు మీకు అనుమానమే వచ్చేది కాదు."

ఆయన అప్పుడు గట్టుమీద కూర్చున్నాడు. సంచిలోంచి కాగితాలు తీశాడు. నీ బదులు వచ్చినాయన మళ్ళీ మొదటినుంచి లెక్క వేశాడట. నీ ఆదివారాలు తీసేసినా రేవు అదే, సున్నా పాయింటు ఆరు. నా సగాలు ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చూశారట. రెండుసార్లూ కొండ ఒకటి పాయింటు నాలుగు. "ఉంచేస్తున్నామమ్మా," అన్నాడు. మీ అన్నయ్య పుస్తకాల్లో ఒక్క పేజీ కొట్టేయరు. నన్నే కొనసాగమన్నాడు. నీ గురించి అడిగాను. మెమో ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది అన్నాడు.

నాకెంత తేలికయిందో చెప్పలేను. మన ఇంట్లో ఎవరూ దొంగ కాదనిపించి టీ పెట్టుకొచ్చాను. గ్లాసు చేతికిచ్చాను. తాగలేదు. ఎదురుగా కొండవైపు చూస్తూ కూర్చున్నాడు. కొత్త గొట్టం కోసం మంచినీళ్ళవాళ్ళు తవ్విన కందకం కనబడుతోంది అక్కడ్నుంచి.

"రెండు నెలలుగా మీ మీదా మీ మరిది మీదా అనుమానపడ్డానమ్మా," అన్నాడు. "రాత్రులు కూడా ఆలోచించాను, ఎక్కడ మోసం జరిగిందా అని."

"ఇప్పుడు తీరిందా అండీ?"

"తీరింది," అన్నాడు. మొహంలో మాత్రం తీరిన సంతోషం లేదు. గ్లాసు కింద పెట్టాడు. "మీరు అబద్ధం రాసి ఉంటే బాగుండేదమ్మా."

నాకు కోపం రావాలి కదా. రాలేదు. ఆ మనిషి పక్కన గట్టుమీద నేనూ కూర్చున్నాను.

ముఖం చెల్లడం లేదని రాశావు. ఆ ముఖం నేను కడిగిందే. ఈ ఆదివారం బస్సెక్కి, తోడికోడల్ని తీసుకుని రా. చలిబట్టలు తెచ్చుకోమని చెప్పబోయి ఆగాను. అక్కర్లేదు.

నీ వదిన